లిస్బన్‌కు వెళ్ళే తలుపు

విమానం ఆగీ ఆగకముందే అందరూ లేచి నిలబడ్డారు. నేను మాత్రం నడుముకు కట్టిన పట్టీ ఎలా విప్పాలో తెలియక కూర్చునే ఉన్నాను. చిషినావ్‌లో ఎక్కినప్పుడు విమానంలో పనిచేసే పిల్ల నవ్వుతూ వచ్చి టక్కున బిగించి వెళ్ళిపోయింది, విప్పడం ఎలాగో చెప్పలేదు, నేను అడగలేదు. లాగుతున్నకొద్దీ అది బిగుసుకుంటోంది. ఉచ్చులో పడ్డ కుందేలు కూడా ఇలాగే లాగుతుంది కాబోలు. అందరూ దిగిపోయాక నన్ను లోపలే ఉంచి తలుపు వేసేస్తారా, వేసి ఎక్కడికి తోలుకుపోతారు, అని కంగారుపడుతూంటే పక్కసీటాయన ఒక్క వేలితో ఆ రేకును పైకెత్తాడు. ఊడింది. ఇంతే. నాకు యాభైతొమ్మిదేళ్ళు. మా బెషాల్మలో ద్రాక్ష అంట్లు కట్టడంలో ఈ దోమ్నికా తరవాతే ఎవరైనా అని నా గురించి అంటారు. ఒక్క రేకు ఎత్తడం చేతకాలేదు. ఇది మొదటి గడప, ముందు ఇంకెన్ని ఉన్నాయో. కోటు జేబులో కాగితం తడుముకున్నాను, ఉంది. లోపలి జేబులో పిన్నీసు పెట్టి దాచిన పాస్‌పోర్టు తడుముకున్నాను, ఉంది. నాలుగడుగులు వేసి మళ్ళీ తడుముకున్నాను.

కాగితం మీద రాత నాదే. స్నెజానా, అంటే మా చెల్లెలి కూతురు, లిస్బన్ నుంచి ఫోన్లో ఒక్కొక్క మాటే చెబుతూంటే వంటింటి బల్ల మీద పెట్టుకుని బళ్ళో నేర్చుకున్న రష్యా అక్షరాల్లో రాసుకున్నాను. ఇస్తాంబుల్‌లో దిగు పెద్దమ్మా. ట్రాన్స్‌ఫర్ అని ఉన్నవైపు వెళ్ళు. సంచీ మళ్ళీ తనిఖీ చేస్తారు, కంగారుపడకు. పెద్ద బోర్డు మీద లిస్బన్ ఎక్కడుందో చూడు, పక్కనే తలుపు నంబరు ఉంటుంది. ఆ తలుపు దగ్గరికి వెళ్ళు. ఒంటిగంటా పదికి దిగుతావు, మూడూ ఐదుకి రెండో విమానం, బోలెడంత టైముంది, అని నవ్వింది ఆ పిల్ల. ఆ నవ్వులో నిద్రలేమి వినబడింది నాకు. సొరంగంలాంటి దారి దాటి బయటికొచ్చేసరికి తలెత్తి చూసిన ప్రతిచోటా బోర్డులే, పసుపూ నలుపూ, అన్నీ లాటిన్ అక్షరాలే, కూడబలుక్కున్నా సగమే వస్తాయి నాకు. ట్రాన్స్‌ఫర్ అని నేను రాసుకున్న మాట వాటిలో దేన్నీ పోలలేదు. కాగితాన్ని పైకి పట్టుకుని ఒక్కొక్క అక్షరం పోల్చి చూద్దామంటే వెనకనుంచి జనం తోసుకుంటూ, చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ, ఎవరి దారి వాళ్ళకు పుట్టుకతోనే తెలిసినట్టు రెండుగా చీలిపోతున్నారు. సగం మంది ఎడమకు, సగం మంది కుడికి. నేను నడుమ రాయిలా నిలబడిపోయాను. అప్పుడు ఒక్క మాట అర్థమైంది. చికిష్. మా గాగౌజ్ మాటలోనూ అదే. టర్కీ వాళ్ళ భాషా మాదీ అక్కచెల్లెళ్ళ బిడ్డలు, సగం మాటలు కలుస్తాయి. చికిష్ అంటే బయటికి వెళ్ళే దారి. ఇందులోంచి బయటపడి రెండో విమానం ఎక్కాలి కదా, మరి బయటికేగా వెళ్ళాలి? పరాయి సంతలో మన ఊరి మనిషి కనబడినట్టు ఆ మాటను పట్టుకుని నడిచాను.

నేల నడిచే చోట ఒకటి వచ్చింది. నిలబడినవాళ్ళను నిలబడినట్టే మోసుకుపోతోంది. దాని మీద కాలు పెట్టలేక పక్కనుంచి నడిచాను. కుడి మోకాలు అప్పుడే సలుపుతోంది. ఆ కాలికే పైన, తుంటి దగ్గర, రేపు పొద్దున సూది దించుతారు. సన్న సూది కాదట. స్నెజానా చెప్పలేదు, కొమ్రాత్ డాక్టరమ్మ చెప్పింది, వేలు చూపించి మరీ చెప్పింది. నిద్రపుచ్చుతాం, నీకేమీ తెలియదు అంది. తెలియకపోవడమే నాకు భయమని చెప్పలేదు. ఎముకలో ఉన్న మూలుగ తీసి మా చెల్లెలు ఆగాఫియా ఒంట్లోకి ఎక్కిస్తారు. దాని రక్తం పాడైపోయింది. దాని సొంత మూలుగను మందులతో చంపేశారు. చంపి అయిదు రోజులైంది, ఇప్పుడు దాని ఎముకలు దులిపేసిన గోనెసంచుల్లా ఖాళీ. నేను నాలుగు రోజుల కిందటే వెళ్ళి ఉండాల్సింది. బయల్దేరే ముందురోజు జ్వరం తగులుకుంది, జ్వరంతో వస్తే తీసుకోమన్నారు, అప్పటికే దానికి మందు మొదలైపోయింది, ఇక ఆపడానికి వీల్లేదన్నారు. నీదీ దానిదీ పదికి పది కలిశాయి, ఇలా కలవడం అదృష్టం అంది డాక్టరమ్మ. ఆ మాట వినగానే నాకు అంటు కట్టడం గుర్తొచ్చింది. మొదలుకూ కొమ్మకూ పచ్చి పచ్చిగా కలవాలి, గాలి తగలకుండా కట్టాలి, ఆలస్యమైతే ఎండిపోతుంది. ఎండిపోతుంది. పదకొండేళ్ళుగా మేమిద్దరం మాట్లాడుకోలేదని ఆ పదికి పదిలో ఎక్కడా తేలలేదు.

బయటికి వెళ్ళే దారి ఒక పెద్ద హాల్లోకి తీసుకెళ్ళింది. తాళ్ళు కట్టిన వంకరటింకర వరసల్లో వేయిమంది. అందరూ నిలబడ్డారు కదా, నిలబడమనేగా అర్థం, నేనూ నిలబడ్డాను. వరస కదులుతోంది, తిరుగుతోంది, చూసిన ముఖాలనే మళ్ళీ చూస్తున్నాను, ఎర్ర టోపీ, గెడ్డం, ఏడుస్తున్న బిడ్డ, మళ్ళీ ఎర్ర టోపీ. పెద్ద గడియారంలో రెండు కావస్తోంది. ఇది సరైన వరసేనా అని ఎవరినైనా అడగాలి. నోరు పెగలలేదు. ఊళ్ళో నా నోటికి జడిసి పక్కింటి పావెల్ కుక్కను కట్టేసుకుంటాడు, ఆ నోరు ఇక్కడ నాలుక మీద పిండి ముద్ద పెట్టినట్టు అయిపోయింది. అడిగితే నవ్వుతారేమో. అడిగితే కాగితాలు చూపించమంటారేమో, ఏదో కాగితం తక్కువైతే పక్కకు తీసుకెళ్తారేమో. గాజు గదిలో కూర్చున్న అధికారి ముందుకు వచ్చేసరికి చెమటతో బనీను వీపుకు అంటుకుంది. నా పాస్‌పోర్టు తిప్పాడు, నా ముఖం చూశాడు.

“ఏడ ఉంటవమ్మా?”

“లిస్బన్‌లో. మా చెల్లెలుంది.”

“లిజ్బనా?” అతను తల గోక్కున్నాడు. “గిది ఇస్తాంబుల్ ఊర్లకు పోయెటోళ్ళ లైను. నువ్వు విమానం మారాలె గదా. ఎనుకకు పో. మీదికి ఎక్కు, మీదికి.”

మాట అర్థమైంది, యాస మాత్రం మాది కాదు, గుర్రబ్బండి వెళ్ళిపోయాక గంటలు వినబడినట్టు ఒక్క క్షణం వెనకగా అర్థమైంది. వెనక్కి. ఇంత వరసను తోసుకుంటూ వెనక్కి. క్షమించండి, క్షమించండి అంటూ తాళ్ళ కింద వంగి దూరుతూంటే ఎర్ర టోపీ ఆమె కళ్ళెగరేసి చూసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నేను వెళ్ళేవైపు ఒక్కరూ రావడం లేదు, అందరూ నాకెదురే. ఏటికి ఎదురీదడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మీదికి అన్నాడు, ఏ మీదికి? మెట్లు తమంతట తామే పైకి పోతున్నాయి. వాటి మీద కాలు పెట్టాలంటే కళ్ళు తిరిగాయి. ముందు ఒక ముసలాయన ఎక్కుతూంటే వెనకనుంచి ఆయన కోటు అంచు పట్టుకున్నాను. ఆయన వెనక్కి చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు. పైన దిగేటప్పుడు వదిలేశాను. ఆయన ఎవరో, ఏ దేశమో, ఇప్పటికీ తెలియదు.

అక్కడ తనిఖీ. బూట్లు విప్పమన్నారు, మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది, దాన్ని రెండో పాదం కింద దాచుకుని నిలబడ్డాను. సంచీని యంత్రంలోకి పంపారు, యంత్రం మింగింది, అవతలివైపు రాలేదు. పోయింది అనుకున్నాను, ఇక అంతే. కాసేపటికి ఒక కుర్ర కావలివాడు దాన్ని బల్ల మీద పెట్టి లోపలనుంచి సీసా తీశాడు. పుల్ల చెర్రీల పానకం. ఆగాఫియాకు చిన్నప్పటినుంచీ అదంటే ప్రాణం. దాన్ని తాగనివ్వరని స్నెజానా చెప్పింది, నోరంతా పుండ్లట. అయినా తెచ్చాను, కనీసం కిటికీలో పెట్టుకుని చూస్తుందని.

“విష్నా,” అన్నాను అతనితో.

“మస్తుంటది విష్నా. మా అమ్మ గూడ చేస్తది,” అన్నాడు మెత్తగా. అంటూనే సీసాను పక్కనున్న డబ్బాలో వేశాడు. “ఏం చేస్తం అమ్మా, నీళ్ళసొంటివి ఏవీ పోనియ్యం.”

డబ్బా లోపల అది ఇంకో సీసాకు తగిలిన చప్పుడు వినబడింది. ఏడుపు రాలేదు, ఏడవడానికి తీరిక ఎక్కడిది. బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వేళ్ళు సహకరించలేదు, తాళ్ళను లోపలికి దోపేసి నడిచాను, నడిచి మూల తిరిగానో లేదో, నా కళ్ళు నన్ను వదిలేశాయి. అది గది కాదు. అది ఊరు. మా బెషాల్మ మొత్తం, చర్చితో సహా, సారాయి కొట్టాలతో సహా అందులో పట్టేస్తుంది. పైన కప్పు ఎక్కడో ఆకాశంలో ఉంది. అటు బంగారం, ఇటు అత్తర్లు, మధ్యలో మిఠాయిల కొండలు, ఎటు తిరిగినా గాజు, గాజులో గాజు, గాజులో నేను. తలకు గుడ్డ కట్టుకున్న పొట్టి మనిషి ఒకతె నాకెదురుగా కంగారుగా వస్తోంది, పాపం ఎవరో తప్పిపోయినట్టుంది అనుకున్నాను, అది నేనే.

బోర్డు దొరికింది. ఇంటి గోడంత ఉంది. నూరు ఊళ్ళు, నూరు టైములు, చూస్తూండగానే వరసలన్నీ ఒక్క ఎగురు ఎగిరి పైకి జరుగుతాయి, దొరికింది అనుకున్నది జారిపోతుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చివరికి పట్టుకున్నాను, మూడూ ఐదు, లిజ్బన్. దాని పక్కన నంబరు లేదు. ఖాళీ. ఇంకా చెప్పలేదు కాబోలు. చెబుతారు. కొమ్రాత్ బస్టాండులో అయితే మైకులో అరుస్తుంది ఆ లావుపాటావిడ, చిషినావ్ బస్సు మూడో నంబరు, త్వరగా రండి, బాబోయ్ ఆ బుట్ట ఎవరిది, అని. ఇక్కడా పిలుస్తారు. బోర్డు ఎదురుగా కుర్చీ చూసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. ఇంతమంది ఉన్నారు, నవ్వులు, అడుగులు, చక్రాలు, కానీ ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. దాంతో ఇంకా భయం వేసింది. శవం ఉన్న ఇంట్లో అందరూ గొంతు తగ్గించినట్టుంది.

అమ్మ పోయినప్పుడు మా ఇల్లు అలాగే ఉంది. ఫిబ్రవరి, నేల ఇనుములా గడ్డకట్టింది, గొయ్యి తవ్వడానికి పావెల్ మంట పెట్టి నేల కరిగించాడు. మూడో రోజుకు తీసెయ్యాలి. ఆగాఫియా వస్తానంది, నాలుగో రోజు దాకా ఆపాం, పాదిరీ గొణిగాడు, ఆపాం. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచాను. రాలేదు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేశాక దాని వంతు మట్టి కూడా నేనే వేశాను. ఆ రాత్రి ఫోను. “అక్కా, నేను సగం దారి వచ్చాను. విమానం మారే చోట తప్పిపోయాను. పెద్ద ఊరంత ఉంది అక్కా, ఎటుపోయినా గాజే, నా తలుపు దొరకలేదు, దొరికేసరికి వేసేశారు, ఏడుస్తూ కూర్చుంటే తిరిగి పంపేశారు,” అని. నేనేమన్నాను? అన్నది ఒక్క అక్షరం మరిచిపోలేదు. “తోవ తెలియలేదా? కొండ మీద వదిలేసిన గొర్రె కూడా సాయంత్రానికి కొట్టం వెతుక్కుంటూ వస్తుందే! తల్లి శవం దగ్గరికి తోవ తెలియలేదంటే నువ్వు గొర్రెకన్నా కనాకష్టం. రావడం ఇష్టం లేదని చెప్పు, దానికో మర్యాద ఉంటుంది.” ఫోను పెట్టేశాను. అది మళ్ళీ చేసింది, ఎత్తలేదు. తరవాత అది చేయలేదు. పదకొండేళ్ళు. ఇరుగుపొరుగు అడిగితే, మా చెల్లెలికి అక్కడి గాలి పడింది, మనం గుర్తుండం, అని నవ్వేదాన్ని.

గొర్రె. ఇప్పుడు గొర్రె కూర్చుని ఉంది బోర్డు ఎదుట. నిజమే చెప్పిందది. ఒక్క మాట కల్పించలేదు. ఈ గాజు, ఈ నేల, ఈ పిలవని జనం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది, నేను ఎన్నడూ చూడని చోటు గురించి నాకే బాగా తెలిసినట్టు తీర్పు చెప్పాను. లేవాలి, బోర్డు చూడాలి. కాళ్ళకు చెప్పాను. కాళ్ళు వినలేదు.  ఇక్కడే పోతానా, పోతే ఎవరు గుర్తుపడతారు, కోటు లోపలి జేబుకు పిన్నీసు ఉందని ఎవరికి తెలుసు. అప్పుడు, ఎవరికీ చెప్పకూడని మాట ఒకటి, లోపలినుంచి మెల్లగా పైకి వచ్చింది. ఇలాగే కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. విమానం వెళ్ళిపోతుంది. నేనూ తప్పిపోయానని చెబుతాను. ముసలిది, ఊరు దాటి ఎరగదు, పాపం తప్పిపోయింది అంటారు. సూది ఉండదు. మత్తుమందు ఉండదు. ఆ గది తలుపు తెరిచి, జుట్టు రాలిన ఆగాఫియా కళ్ళలోకి చూడనక్కర్లేదు. ఎవరూ నన్ను తప్పుపట్టరు. ఆ ఆలోచన ఎంత మెత్తగా ఉందంటే, చలికాలంలో పొయ్యి పక్కన పడుకున్నట్టుంది. అంత మెత్తదనం చూసి, విమానాశ్రయం చూసి పడ్డ భయమంతా ఒకెత్తు, ఇదొకెత్తు అనిపించింది. ఆగాఫియా కూడా ఇలాగే కూర్చుందేమో ఆ రోజు. చచ్చిపోయిన అమ్మ ముఖం చూడలేక, తలుపు దొరకకపోతే బాగుండునని సగం మనసుతో. అయినా అది అబద్ధం కాదు. రెండూ నిజమే. భయపడ్డ మనిషికి రెండూ నిజమే అవుతాయి.

“ఏమైందక్కా? గిట్ల కూసున్నవేంది? ముఖం తెల్లగైంది.”

నేల తుడిచే కర్ర పట్టుకుని ఒకామె నా ముందు వంగి చూస్తోంది. నా వయసే ఉంటుంది, నీలం గౌను, చంకలో గుడ్డలు, గుండె మీద పేరు చీటీ. నెర్మిన్ అని తరవాత చదువుకున్నాను.

“పిలుస్తారని కూర్చున్నాను,” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

“ఎవరు పిలుస్తరు? గిక్కడ ఎవ్వరు పిలువరు. మనమే సూస్కోవాలె. ఏడికి పోవాలె నువ్వు?”

“లిస్బన్‌కు. మా చెల్లెలు... ఆస్పత్రిలో...”

ఆమె బోర్డు వైపు తిరిగింది, చేత్తో నోరు మూసుకుంది. “అయ్యో అక్కా! లిజ్బన్ నంబరు ఎప్పుడో పెట్టిన్రు. ఎఫ్ పద్నాలుగు. ఎర్రగ కొట్టుకుంటుంది సూడు, ఆఖరి పిలుపు అది. లే, లే!”

“కాళ్ళు రావడం లేదు.” అదొక్కటే అనగలిగాను. సిగ్గు లేకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను. “తిరిగి వెళ్ళిపోతానమ్మా. మా ఊరికి. ఏ విమానమో చూపించు.”

ఆమె అటూ ఇటూ చూసింది, పైఅధికారి ఎవడైనా ఉన్నాడేమోనని. గౌను జేబులోంచి ఫోను తీసింది. “మీవోళ్ళ నంబరు ఉందా? చెప్పు, జల్ది చెప్పు.” కాగితం చివర రాసి ఉంది. ఆమే నొక్కింది. ఒక్క మోతకే స్నెజానా ఎత్తింది.

“పెద్దమ్మా! ఎక్కడున్నావు? నీ ఫోను కలవడం లేదు, ఇక్కడ అమ్మ ప్రాణం తీస్తోంది, ఎక్కిందా ఎక్కిందా అని. ఎక్కావా?”

“లేదే.”

అటువైపు ఆ పిల్ల లేచి పరుగెత్తిన చప్పుడు. తరవాత, “ఆగు. అమ్మ గాజు గదిలో ఉంది, నన్ను రానివ్వరు, ఇంకో ఫోన్లో ఉంది. రెండూ దగ్గర పెడతాను. మాట్లాడు.”

వద్దు అనబోయాను. ఏదో గీసుకున్న చప్పుడు, ఆ వెనక ఊపిరి. పదకొండేళ్ళలో మొదటిసారి దాని ఊపిరి. గొంతు గుర్తుపట్టలేకపోయాను, నోట్లో దూది కుక్కినట్టుంది.

“అక్కా.”

“గాషా.” చిన్నప్పటి పిలుపే నోటికొచ్చింది. “నేను... తప్పిపోయానే.”

“ఏం కనబడుతోంది నీకు?”

“గాజు,” అన్నాను. “అంతా గాజే.”

“ఊఁ,” అంది. “నాకూ అదే కనబడింది.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. 

“కూర్చున్నావా?” అంది ఆగాఫియా.

“కూర్చున్నాను.”

“కూర్చోకు అక్కా. నేను కూర్చున్నాను. అక్కడే పోయింది అంతా. కూర్చుంటే ఇక లేవలేం.” ఊపిరి అందక ఆగింది. “నన్ను తిట్టు. గొర్రె అను. కానీ లే.”

 క్షమించమని అడగాల్సింది. దానికి పట్టేంత టైము లేదు, నెర్మిన్ బోర్డునే చూస్తోంది. లేచాను. ఎలా లేచానో తెలియదు, కాళ్ళు నావి కావు, అది ఇచ్చినట్టున్నాయి. “లేచాను,” అన్నాను ఫోన్లో. మేం మాట్లాడుకున్నది అంతే.

నెర్మిన్ నన్ను మూల దాకా చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. ఇంక అవతలికి ఆమె రాకూడదట. “ఎఫ్ ఎట్లుంటదో ఎరుకనా?” అంది. నాకు తెలిసిన రష్యా ఎఫ్ వేరు, గుండ్రంగా, నడుం మీద చేతులు పెట్టుకున్నట్టుంటుంది. ఆమె గాలిలో వేలితో గీసింది, నిలువు గీత, పైన ఒక కొమ్మ, నడుమ ఇంకో కొమ్మ, రెండూ ఒకేవైపు. ఒకవైపే పాకించిన ద్రాక్షతీగ. అది నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు కత్తిరించాను దాన్ని. “దాన్నే పట్టుకొని పో. ఎడమకు. నడిసే నేల మీద ఉరుకు, భయపడకు, అది మింగదు. ఉరుకు అక్కా, ఉరుకు!”

ఉరికాను. యాభైతొమ్మిదేళ్ళ మోకాలు, కట్టని బూట్ల తాళ్ళు, జారిపోతున్న తలగుడ్డ. ఒకవైపే పాకిన తీగ, అదిగో, పసుపు మీద నలుపు, మళ్ళీ అదిగో. నడిచే నేల వచ్చింది. కళ్ళు మూసుకుని కాలు పెట్టాను, ఒళ్ళు వెనక్కి తూలింది, పక్క కడ్డీ దొరికింది, తెరిచేసరికి దుకాణాలు నా పక్కనుంచి పారిపోతున్నాయి. దాని మీదే పరుగెత్తాను. జరగండి, జరగండి, అని ఈసారి నోరు వచ్చింది, మా ఊరి నోరు, పావెల్ కుక్కను కట్టేసుకునే నోరు. ఒకాయన పెట్టె పక్కకు లాక్కున్నాడు. ఒకటి, రెండు, అయిదు. ఇంకా ఎంత దూరం, ఈ దారి ముగియదా, ముగిసేసరికి దాని ఎముకలు, ఖాళీ గోనెసంచులు, ఎనిమిది, తొమ్మిది, పక్కలో పోటు, నోట్లో ఇనుము రుచి. తప్పు దారేమో. ఇటు కాదేమో. మళ్ళీ చికిష్ వైపు పోతున్నానేమో. ఆగి చూడాలా? ఆగితే కూర్చుంటాను. పన్నెండు. పదమూడు.

పద్నాలుగు దగ్గర కుర్చీలన్నీ ఖాళీ. గాజు తలుపు మూసి ఉంది. గాజు అవతల విమానం కనబడుతోంది, ముక్కు మా వైపు పెట్టుకుని, దగ్గరగా, అడుగు వేస్తే అందేంత దగ్గరగా. బల్ల వెనక ఒక అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది. నా చీటీ చూసి, గడియారం చూసి, తల అడ్డంగా ఊపింది.

“మూసేసినం అమ్మా. మీ పేరు చాలాసార్లు పిలిచినం ఈడ.”

“ఇక్కడ పిలిస్తే అక్కడికెలా వినబడుతుందమ్మా!” అన్నాను. అరిచాననుకుంటా. ఆ అమ్మాయి వెనక్కి తగ్గింది. తగ్గినందుకు నాకే భయమేసింది, కావలివాళ్ళను పిలుస్తుందేమోనని. గొంతు దించాను. చేతులు జోడించాను. తుంటి మీద చెయ్యి పెట్టి చూపించాను. “మూలుగ. తెలుసా? ఇలిక్. ఎముకలో ఉండేది. రేపు పొద్దున నాది తీసి మా చెల్లెలికి ఎక్కించాలి. దాని ఒంట్లో మూలుగ లేదు. చంపేశారు, మందులతో, నాది వస్తుందనే నమ్మకంతో చంపేశారు. నేను వెళ్ళకపోతే దానికింకేముంది?”

ఇలిక్. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటేనని అప్పుడు తెలిసింది, ఆమె చేతుల్లో కాగితాలు ఆగిపోవడం చూసి. నా ముఖం చూసింది, నా తాళ్ళు కట్టని బూట్లు చూసింది. ఫోను ఎత్తింది. “మీరు రాలేదని మీ పెట్టె దించనీకి మనిషి కిందికి పోయిండు,” అంది ఫోను చెవి దగ్గర పెట్టుకుని, “ఇంకా దొరకలేదంట. ఆగుండ్రి.” ఎవరితోనో గబగబా మాట్లాడింది, ఇలిక్ అని రెండుసార్లు అంది, విన్నది, మళ్ళీ అంది. నేను అమ్మను తలచుకోలేదు, దేవుణ్ణి తలచుకోలేదు. గాజు అవతల ఆ విమానం ముక్కునే చూస్తూ, కదలకు, కదలకు, కదలకు, అనుకుంటూ నిలబడ్డాను. కాళ్ళు మళ్ళీ కుర్చీ వైపు లాగాయి. కూర్చోలేదు.

ఆమె ఫోను పెట్టేసింది. మెడలో వేలాడుతున్న కార్డును తలుపు పక్క గోడకు ఆనించింది. గాజు పక్కకు జరిగింది.

“ఉరకకండి, పడతరు,” అంది. “మీరు పోయేదాక ఆగుతరు.”

ఆ సొరంగంలో ఒక్కదాన్నే నడిచాను. విమానం తలుపు దగ్గర పిల్ల నా పేరు చెప్పి, అవునా, అంది. అవునన్నాను. లోపల రెండువందల ముఖాలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి, ఎవరి కోసం ఆగామో చూద్దామని. కొన్ని కోపంగా, కొన్ని ఊరికే. ముఖం దించుకుని, సంచీని గుండెకు హత్తుకుని, సీట్ల మధ్యనుంచి నడిచాను. ఎవరి ఒడికీ తగలకుండా, ఎవరి మోచేతికీ తగలకుండా. సీటు దొరికింది. కూర్చున్నాక తెలిసింది, ఒళ్ళంతా వణుకుతోందని. చేతులే అనుకున్నాను, కాదు, తొడలు, తుంటి, వెన్ను, పళ్ళు. ఎముకల లోపలినుంచి వస్తోంది వణుకు. పక్కనున్నావిడ దుప్పటి ఇవ్వబోయింది, చలి కాదని చెప్పలేక తీసుకున్నాను. విమానం మెల్లగా వెనక్కి కదిలింది. రెండు చేతులూ తుంటికి ఇటూ అటూ ఆనించి పట్టుకున్నాను, నిండుకుండను ఒళ్ళో పెట్టుకుని గతుకుల దారిలో బండెక్కినట్టు. వణికితే వణకనీ. ఒలకకుండా తీసుకెళ్తే చాలు.